మరాఠీ పంచాంగం మనదే, ఉపవాసాలు మాత్రం వానాకాలానివి

ఉగాది నాడు మన ఇళ్లలో పచ్చడి కలిపే పూటే మహారాష్ట్రలో గుడీ లేస్తుంది. వెదురు కర్రకు పట్టుబట్ట చుట్టి, వేపరెమ్మా పంచదార బిళ్లల దండా కట్టి, పైన రాగి చెంబు బోర్లించి గుమ్మం పక్కనో బాల్కనీలోనో నిలబెడతారు. రెండు పండగలూ ఒకే రోజు రావడంలో వింతేమీ లేదు, లెక్క ఒకటే కదా. శాలివాహన శకం, అమావాస్యతో ముగిసే నెలలు, ప్రభవ విభవ అంటూ అరవై ఏళ్ల పేర్లు, అన్నీ మనకున్నవే. మనం బహుళ పక్షం అనేదాన్ని వాళ్లు వద్య పక్షం అంటారు, అంతే. అందుకే ఉద్యోగానికని పుణేకో ముంబైకో వెళ్లిన తెలుగువాళ్లు గోడమీది మరాఠీ క్యాలెండర్‌ని ఇబ్బంది లేకుండా చదివేస్తారు. చిక్కల్లా ఉపవాసాల దగ్గరే. కార్తీక సోమవారం మనం నక్షత్రాలు వచ్చేదాకా పస్తుంటే పక్క ఫ్లాట్‌లో మామూలుగా కుక్కర్ కూత వినిపిస్తుంది, అదే శ్రావణ సోమవారం వస్తే ఆఫీసు క్యాంటీన్‌లో సైతం ఉపవాసానికని సాబుదానా (సగ్గుబియ్యం) కిచిడీ పెడతారు.

తిథులు ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడిది? పన్నెండు నెలల పండగలనూ ఉపవాసాలనూ వరసగా రాసుకుని చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనబడుతుంది. మరాఠీ ఏడాదిలో నోటికి పట్టే నియమాల బరువంతా ఆషాఢ శుద్ధ ఏకాదశికీ కార్తీక శుద్ధ ఏకాదశికీ మధ్య, అంటే చాతుర్మాస్యంలో, వానలు పడే నాలుగు నెలల్లో కుప్పపడి ఉంది. చాతుర్మాస్యం మనకూ ఉంది, కానీ మన దగ్గర అది ఎక్కువగా మఠాల్లో, పీఠాధిపతుల దీక్షల్లో మిగిలింది. మహారాష్ట్రలో అది మామూలు ఇళ్ల వంటగదిలోకి వచ్చి కూర్చుంది. ఆ నాలుగు నెలలూ ఉల్లి, వెల్లుల్లి, వంకాయ మానేసే కుటుంబాలు ఇప్పటికీ బోలెడు.

మొదలు ఆషాఢీ ఏకాదశితోనే. మనకు తొలి ఏకాదశి అంటే పేలపిండి, గుడికి వెళ్లడం, మహా అయితే ఒక పూట ఉపవాసం. వాళ్లకు అది ఏడాదిలోకెల్లా పెద్ద ఉపవాసం, కారణం విఠ్ఠలుడి పండరిపురం. దేహూ నుంచి భక్తకవి తుకారాం పాలకీ (పల్లకి) జ్యేష్ఠ వద్య సప్తమికి, ఆళందీ నుంచి జ్ఞానేశ్వరుడి పాలకీ ఆ మర్నాడు అష్టమికి బయల్దేరతాయి. సుమారు 250 కిలోమీటర్లు, దాదాపు మూడు వారాల నడక. లక్షల మంది వార్కరీలు, అంటే పండరి యాత్ర చేసే భక్తులు, తాళాలు మోగిస్తూ, అభంగాలనే భక్తిపాటలు పాడుతూ, తలమీద తులసికోట పెట్టుకుని నడుస్తారు. వార్కరీగా మెడలో తులసిమాల వేసుకున్నారంటే మాంసం మానాలి, ప్రతి ఏకాదశికీ ఉపవాసముండాలి. ఏడాదికి ఇరవై నాలుగు, అధికమాసం పడితే ఇరవై ఆరు. ఆషాఢీ తెల్లవారుజామున విఠ్ఠలుడికి రాష్ట్ర ముఖ్యమంత్రి దంపతులు మహాపూజ చేయడం ఆనవాయితీ, కార్తీకీ ఏకాదశికి ఆ బాధ్యత ఉప ముఖ్యమంత్రిది. ఒక ఉపవాసదినానికి ఈ స్థాయి ప్రభుత్వ మర్యాద దక్కడం మన వైపు చూడం.

ఈ నడక ఎప్పుడు పడుతుందో చూడండి. జూన్ మొదటి వారంలో మృగశిర కార్తె వస్తుంది, అక్కడ దాన్నే మృగ నక్షత్రం అంటారు. వాన పడుతుంది, విత్తనం వేస్తారు. విత్తి, ఇల్లు వాకిలి ఇంట్లోవాళ్లకు అప్పజెప్పి రైతు దారి పడతాడు. తిరిగొచ్చేసరికి మొలకలు లేచి కలుపు పని సిద్ధంగా ఉంటుంది. ఆ తర్వాత ఖరీఫ్ పంట ఇంటికి చేరేదాకా పల్లెలో నిరుటి గింజలతోనే గడవాలి. పాత రోజుల్లో గాదెలు అడుగంటే కాలమిదే, బురద దారుల్లో ప్రయాణాలు ఆగే కాలమూ ఇదే. తినడం తగ్గించడాన్ని, ఆకుకూరలతో దుంపలతో సరిపెట్టుకోవడాన్ని ఈ నెలలకే వ్రతాలుగా కట్టడం వెనక ఈ అవసరం పనిచేసిందనడం సబబే. శాస్త్రం విష్ణువు నిద్రపోయాడని చెబుతుంది, పొలం గింజ ఇంకా రాలేదని చెబుతుంది, రెండూ ఒకే క్యాలెండర్ మీద కలిశాయి.

ఆషాఢ అమావాస్యకు ఇంట్లోని దీపాలన్నీ తోమి, వరసగా పెట్టి, పూజచేస్తారు. గోధుమపిండీ బెల్లంతో ఆవిరిమీద ఉడికించిన దీపాలు చేసి నెయ్యి వేసుకుని తింటారు. మాంసం తినేవాళ్లకు శ్రావణం ముందు చివరి అవకాశం కూడా అదే కాబట్టి, మటన్ కొట్ల ముందు అంతకుముందు ఆదివారం పెద్ద క్యూలుంటాయి. మర్నాటి నుంచి శ్రావణం.

శ్రావణంలో తిథికంటే వారానిదే పెత్తనం. సోమవారం శివుడికి, మంగళవారం మంగళగౌరికి, శుక్రవారం పిల్లల క్షేమం కోరి జీవతికి. సోమవారం ఉపవాసంతో పాటు శివమూఠ్ ఉంటుంది, అంటే కొత్తగా పెళ్లయిన అమ్మాయి ఒక్కో సోమవారం ఒక్కో పిడికెడు గింజలు శివలింగం మీద పోస్తుంది. మొదటివారం బియ్యం, తర్వాత నువ్వులు, పెసలు, యవలు, ఐదో సోమవారం వస్తే సాతు. పెళ్లయిన ఐదేళ్లూ ఈ వరస నడవాలి. మంగళగౌరికీ ఐదేళ్లే, మన శ్రావణ మంగళవారం నోములాగే. కానీ వాళ్ల మంగళగౌరిలో రాత్రి జాగారం ఉంటుంది, ఆడవాళ్లంతా చేరి పాటలు పాడుతూ ఫుగడీ, ఝిమ్మా ఆడతారు. ఇంటిపని మధ్య ఒళ్లు విరుచుకుని ఆడుకోవడానికి దొరికిన ఒక్క రాత్రి అది. వ్రతాలన్నీ ఆడవాళ్ల మీద పెట్టిన భారమేనని తీసిపారేసేవాళ్లు ఆ రాత్రిని తప్పక లెక్కలోకి తీసుకోవాలి.

మనకు శివుడి నెల కార్తీకం, లక్ష్మి నెల శ్రావణం. వాళ్లకు శివుడు శ్రావణానికి వచ్చాడు, మరి లక్ష్మి? మార్గశీర్షంలో. ఆ నెల గురువారాల్లో మరాఠీ ఇళ్లలో కలశం పెట్టి, ఉపవాసముండి, మహాలక్ష్మి వ్రతం చేస్తారు. ఇది చదివి ఉత్తరాంధ్రవాళ్లు వెంటనే గుర్తుపడతారు, విశాఖపట్నం కనకమహాలక్ష్మి గుడి మార్గశిర గురువారాల్లో కిక్కిరిసిపోతుంది కదా, గురువారాన్ని లక్ష్మివారం అనే అలవాటూ అక్కడ ఉంది. మధ్యలో ఇంత తెలుగునేల ఉండగా రెండు చివర్లలో ఒకే వ్రతం నిలవడం నిజంగా ఆసక్తి కలిగించే విషయం.

శ్రావణ పౌర్ణమి తీరంలో కోళీ జాలర్ల పండగ. సముద్రుడికి కొబ్బరికాయ సమర్పించి, వానలకు ఆపిన వేటను మళ్లీ మొదలుపెడతారు, ఇంట్లో కొబ్బరి, బెల్లంతో నారళీ భాత్ వండుతారు. అదే రోజు ఎక్కడో లోపల, సోలాపూర్‌లో, మార్కండేయుడి రథం ఊరేగుతుంది. తరాల కింద మగ్గాలతో పాటు అక్కడికి వెళ్లి స్థిరపడిన తెలుగు పద్మశాలీల ఉత్సవమది, వాళ్లకది జంధ్యాల పౌర్ణమి. శ్రావణ అమావాస్య కూడా ఇలాగే ఒక్కోచోట ఒక్కో రూపంలో కనబడుతుంది. విదర్భ, మరాఠ్వాడాల్లో అది పోళా, ఎద్దుల పండగ. ఎద్దుల మెడలు నెయ్యి పసుపుతో రుద్ది, కొమ్ములకు రంగులేసి, ఆ రోజు కాడి దింపి, పూరణ్ పోళీ (మన బొబ్బట్టు) తినిపిస్తారు. సరిహద్దు దాటి ఆదిలాబాద్ వైపు వచ్చినా ఎద్దులే. ఇంకా కిందికి కోస్తాకు వస్తే పోలాల అమావాస్య తల్లులు పిల్లల కోసం కందమొక్క పెట్టి చేసుకునే నోము. మహారాష్ట్రలోనూ అదే అమావాస్యకు తల్లులు చేసే పిఠోరీ వ్రతం ఉంది. ఎద్దులూ పిల్లలూ ఒకే తిథికి ఎలా ముడిపడ్డారోగానీ ఆ ముడి మాత్రం రెండు భాషల్లోనూ గట్టిగానే ఉంది.

భాద్రపదం మొదటి వారం మరాఠీ ఇల్లాలికి అన్నిటికన్నా టెన్షన్ పెట్టే వారం. తదియకు హర్తాళిక, ఎక్కువమంది పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా చేస్తారు. మర్నాడు వినాయకుడు వస్తాడు, ఆవిరి మోదకాలు యాభయ్యో నూరో వండాలి. నిర్జల ఉపవాసం ఉన్న మనిషే ఆ తెల్లారి పొయ్యి దగ్గర నాలుగైదు గంటలు నిలబడుతుంది. ఆ పని ఆమే చేయాలని శాస్త్రమేమీ చెప్పలేదు, ఇంట్లోవాళ్లు చేయిపట్టకపోవడమే దీన్ని కష్టం చేసింది. ఆ మర్నాడు ఋషిపంచమి. ఆ వ్రతకథ బహిష్టు అంటు చుట్టూ తిరుగుతుంది, ఆ భాగం ఈ కాలానికి అక్కర్లేదని చాలామంది మరాఠీ స్త్రీలే వదిలేశారు, మంచిపని చేశారు. ఆ రోజు వంటను మాత్రం వదల్లేదు. ఎద్దు దున్నిన నేలలో పండినదేదీ ఆ రోజు తినకూడదన్నది నియమం. చేమాకు, కంద, గోంగూర, పొట్లకాయ, బీరకాయ, మొక్కజొన్న కంకి ముక్కలు, ఇలా పెరట్లోనూ పందిరి మీదా దొరికేవన్నీ ఒకే గిన్నెలో వేసి, పోపు మసాలాల హంగు లేకుండా ఉడికిస్తారు. ఏడాది పొడవునా కాడి మోసిన పశువు కష్టాన్ని ఒక్కపూట తినకుండా ఉండటం అందులోని ఆలోచన. ఏడాది మొత్తంలో ఇంత సూటిగా అర్థమయ్యే ఆహార నియమం ఇంకోటి లేదు.

తర్వాత గౌరి. ఇక్కడ లెక్క తిథిని వదిలి నక్షత్రానికి మారుతుంది. భాద్రపద శుద్ధంలో అనూరాధ నక్షత్రం నాడు గౌరిని పిలుస్తారు, జ్యేష్ఠలో పూజిస్తారు, మూలలో పంపిస్తారు. చంద్రుడు ఒక నక్షత్రం దాటడానికి దాదాపు ఒక రోజు పడుతుంది కాబట్టి ఈ మూడూ మూడు రోజులు. అయితే చవితికీ అనూరాధకీ మధ్య దూరం ప్రతి ఏడాదీ ఒకలా ఉండదు. గౌరితోనే గణపతిని పంపే ఇళ్లలో వినాయకుడు ఒక ఏడు ఐదు రోజులుంటాడు, ఇంకో ఏడు ఆరో ఏడో రోజులుంటాడు, కారణం ఇదే. గౌరి ఆకారం కూడా ఇంటింటికీ వేరు. కొన్నిచోట్ల ఇత్తడి ముఖాలను చీర కట్టిన స్టాండ్ల మీద పెడతారు, కొన్నిచోట్ల ఏటి దగ్గర నుంచి తెచ్చిన గులకరాళ్లే గౌరి, కొన్నిచోట్ల పూల మొక్క. వచ్చిన రోజు కూర, భాక్రీ అనే రొట్టె నైవేద్యం, రెండోరోజు పూరణ్ పోళీతో పదహారు కూరలు. కొంకణ్‌లో కొన్ని కులాల్లో గౌరికి మాంసం కూడా పెడతారు. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకు ఇష్టమైనది పెట్టాలి కదా అన్నది వాళ్ల మాట. శాకాహారమే భక్తి అనుకునేవాళ్లు ఈ మాట దగ్గర కాసేపు ఆగితే మంచిది.

ఇక ఉపవాసం కంచంలోకి వద్దాం. మరాఠీ ఉపవాసమంటే మన ఒక్కపొద్దులా ఒకపూట మానడం కాదు, తినే సరుకు మార్చడం. వరి, గోధుమ, జొన్న, పప్పులు బంద్. బదులుగా సగ్గుబియ్యం, భగర్ అనే చిరుధాన్యం (మన సామలు, ఊదల జాతిది), రాజగిరా (తోటకూర జాతి గింజలు), సింఘాడా అనే నీటి కాయ పిండి, బంగాళాదుంప, చిలగడదుంప, పల్లీలు. సాబుదానా కిచిడీ చేసే తీరు చూడండి. సగ్గుబియ్యం కడిగి, గింజల పైదాకా మాత్రమే నీళ్లుంచి రాత్రంతా నానబెడతారు, పొద్దున్నే వేళ్లమధ్య నొక్కితే గింజ పూర్తిగా చిదిమిపోవాలి. వేయించిన పల్లీల బరక పొడి దానికి పట్టించి, నెయ్యిలో జీలకర్ర, పచ్చిమిర్చి, బంగాళాదుంప ముక్కలు వేగాక కలిపి, మూతపెట్టి తీస్తారు. పసుపూ ఆవాలూ చాలా ఇళ్లలో వేయరు. ఇందులో సగ్గుబియ్యం తీసే కర్రపెండలం, పల్లీ, మిర్చి, బంగాళాదుంప నాలుగూ అమెరికా ఖండం మొక్కలు, సముద్రం దాటి ఇక్కడికొచ్చి ఐదు వందల ఏళ్లు దాటలేదు. స్మృతులు రాసిన కాలానికి ఇవి లేవు కాబట్టి నిషేధాల జాబితాలో వీటి పేర్లు చేరలేదు, చేరలేదు కాబట్టి ఉపవాసానికి పనికొచ్చాయి. పాత నియమంలోని ఖాళీలో కొత్త పంట సర్దుకుంది. ఇప్పటి కాకినాడ జిల్లాలో సామర్లకోట, పెద్దాపురం చుట్టుపక్కల సగ్గుబియ్యం మిల్లులు పెట్టినవాళ్లకు ఈ ఉపవాసాలు గిరాకీ తెచ్చే రోజులు.

ఏకాదశికి రెట్టింపు తిండి అనే అర్థంలో మరాఠీలో ఒక సామెతే ఉంది, కిచిడీ, ఆమ్టీ అనే పల్లీల పులుసు, వేపుళ్లు చూస్తే నిజమే అనిపిస్తుంది. కడుపు తేలికపడాలనే ఉద్దేశంతో మొదలైన రోజు పిండిపదార్థం, నెయ్యి, పల్లీలతో మామూలు రోజుకన్నా బరువెక్కుతోంది. షుగర్ ఉన్నవాళ్లు ఆషాఢీ నాడు మూడుపూటలా సగ్గుబియ్యం తినడం మంచిది కాదు. భగర్, పెరుగు, పళ్లు చాలు, వ్రతానికి ఏ లోటూ రాదు.

చాతుర్మాస్యం కార్తీకీ ఏకాదశితో ముగిసి, తులసి పెళ్లిళ్లు మొదలైనా వంకాయ మానినవాళ్లు అందరూ వెంటనే తినరు. ఖండోబా కులదైవమైన కుటుంబాలు మార్గశీర్ష శుద్ధ షష్ఠి, అంటే చంపాషష్ఠి దాకా ఆగుతాయి. ఆ రోజు జెజురీ ఖండోబాకు వంకాయ కాల్చిన భరీత్, సజ్జ రొట్టె నైవేద్యం పెట్టి, తర్వాతే నోట్లో పెట్టుకుంటారు. అప్పటికి కొత్త సజ్జలు ఇంటికి చేరి ఉంటాయి. గింజ వచ్చింది, నియమం సడలింది. ఆ తర్వాత హోళీదాకా పండగలన్నీ కడుపునిండా తినేవే, నువ్వుల లడ్డూలు, పూరణ్ పోళీలు. మార్గశీర్ష గురువారాలను పక్కనబెడితే మధ్యలో పెద్ద ఉపవాసం మాఘ వద్య చతుర్దశి, మన మహాశివరాత్రి ఒక్కటే. నెలనెలా వచ్చే ఏకాదశులూ సంకష్టులూ మాత్రం ఎప్పటిలాగే నడుస్తాయి.

సంకష్టి, మనం సంకటహర చతుర్థి అనేది, మహారాష్ట్రలో నగరాల్లో ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా ఎక్కువగా పాటించే ఉపవాసం. మంగళవారం పడితే అంగారకీ, ఆ రోజు ముంబై సిద్ధివినాయకుడి గుడి క్యూ రోడ్డెక్కుతుంది. చంద్రుడు కనబడితేనే విడవాలి కాబట్టి క్యాలెండర్లలో చంద్రోదయం టైము ఊరివారీగా వేస్తారు. ముంబైకీ నాగ్‌పూర్‌కీ రేఖాంశంలో ఆరు డిగ్రీల పైన తేడా, అంటే చంద్రుడు నాగ్‌పూర్‌లో ఇరవై నిమిషాలకు పైగా ముందే వస్తాడు. ముంబైలోని తెలుగు కుటుంబం హైదరాబాద్ టైము చూసి విడిస్తే, చంద్రుడు రాకముందే విడిచినట్టు.

అందరూ తగవుపడేది ఇక్కడే, ఏ రోజు అన్నదాని మీద. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య పన్నెండు డిగ్రీల దూరం, అది పంతొమ్మిది గంటల్లోనూ అయిపోవచ్చు, ఇరవై ఆరు గంటలూ సాగొచ్చు, తెల్లవారడంతో దానికి పొత్తు లేదు. కాబట్టి ఏ పండగకు ఏ వేళ ముఖ్యమో ముందే తేల్చిపెట్టారు. వినాయక చవితికి మధ్యాహ్నం, సంకష్టికి చంద్రోదయం, శివరాత్రికి అర్ధరాత్రి, లక్ష్మీపూజకు సూర్యాస్తమయం తర్వాతి ప్రదోషం. ఏకాదశికి ఇంకో మెలిక ఉంది. సూర్యోదయానికి ముందు అరుణోదయంలో ఇంకా దశమి ఉంటే వైష్ణవులు ఆ రోజు ఉపవాసం చేయరు, మర్నాడు చేస్తారు. అందుకే క్యాలెండర్‌లో కొన్నిసార్లు స్మార్త ఏకాదశి, భాగవత ఏకాదశి అని రెండు పక్కపక్కనే కనిపిస్తాయి, వార్కరీలది రెండోది.

2024 దీపావళికి జరిగింది ఇదే రకం గొడవ. అమావాస్య అక్టోబర్ 31 సాయంత్రం నాలుగు కావస్తుండగా మొదలై నవంబర్ 1 సాయంత్రం ఆరు దాటాక ముగిసింది. అంటే రెండు రోజులూ పొద్దుగూకే వేళకు అమావాస్య ఉంది. రాత్రంతా నిండుగా ఉన్న 31నే తెలుగు రాష్ట్రాలు తీసుకున్నాయి. రెండు రోజులూ తగిలితే రెండోదే పట్టాలన్న పద్ధతిలో మరాఠీ పంచాంగాలు నవంబర్ 1న లక్ష్మీపూజ పెట్టాయి. 2025లోనూ మనకు అక్టోబర్ 20, వాళ్లకు 21. ఎవరూ లెక్క తప్పలేదు, గణితం ఇద్దరిదీ ఒకటే, తేడా నిర్ణయంలో వచ్చింది. ఇలాంటి నిర్ణయాలకు మరాఠీవాళ్లు ఎక్కువగా చూసేది ధర్మసింధువు, 18వ శతాబ్దం చివర్లో పండరిపురంలోనే కాశీనాథ ఉపాధ్యాయులు కూర్చిన గ్రంథం. మన పురోహితులూ దాన్ని ఉటంకిస్తారు. సోలాపూర్ దాతే పంచాంగం, 1973లో జయంతరావు సాళ్‌గాంవ్‌కర్ మొదలుపెట్టిన కాలనిర్ణయ్ క్యాలెండర్ ఆ నిర్ణయాలను ఇంటింటి గోడకూ చేర్చాయి. కాలనిర్ణయ్ తెలుగులోనూ వస్తుంది.

ఉత్తరాదితో అయితే దూరం ఇంకా ఎక్కువ. వాళ్ల నెల పౌర్ణమితో ముగుస్తుంది, వట సావిత్రి ఉపవాసం వాళ్లు జ్యేష్ఠ అమావాస్యకు చేస్తే మరాఠీ స్త్రీలు జ్యేష్ఠ పౌర్ణమికి మర్రిచెట్టుకు నూలు చుడతారు. మామూలు ఏడాదుల్లో తేడా పదిహేను రోజులే. 2026లో అధిక జ్యేష్ఠం మధ్యలో దూరడంతో ఉత్తరాది వ్రతం మే 16న, మరాఠీ వ్రతం జూన్ 29న పడ్డాయి, ఏకంగా నెలన్నర. ఆ అధికమాసంలో వ్రతాలు, పెళ్లిళ్లు ఆగినా అల్లుళ్లకు మాత్రం పండగే, ముప్పై మూడు అనార్సాలు (మన అరిసెల్లాంటివి) పెట్టి దానమిచ్చే ఆచారం. సుమారు ముప్పై మూడు నెలలకోసారి అధికమాసం వస్తుంది కాబట్టి ఆ సంఖ్య అని కొందరంటారు.

పుణే, భివండీ, సోలాపూర్‌లలో ఉంటూ ఊరి పంచాంగాన్ని పాటించే తెలుగు కుటుంబాలు నెల, తిథి, సంవత్సరం పేరు ఏ క్యాలెండర్‌లో చూసుకున్నా ఫర్వాలేదు. ఉపవాసం విడిచే వేళ, ఏకాదశి పారణ, చంద్రోదయం మాత్రం ఉన్న ఊరివే చూసుకోవాలి. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం, అక్కడ తెల్లవారేసరికి ఇక్కడ సాయంత్రం అవుతుంది కాబట్టి మనకు ఇవాళ పడిన ఏకాదశి వాళ్లకు చాలాసార్లు క్యాలెండర్ తేదీలో ముందురోజే వచ్చేస్తుంది. ఇండియా నుంచి వాట్సాప్‌లో వచ్చిన తేదీ పట్టుకుంటే ద్వాదశి నాడు పస్తుండాల్సి వస్తుంది.